ఐర్లండ్ పూర్వీకుల జాడ: పాత కతోలిక విచారణ (పారిష్) రిజిస్టర్లు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

1922 జూన్ 30 మధ్యాహ్నం డబ్లిన్ నగరంలోని ఫోర్ కోర్ట్స్ భవన సముదాయంలో పెద్ద పేలుడు జరిగింది. ఐర్లండ్ అంతర్యుద్ధం మొదలైన మూడో రోజది. ఆ ప్రాంగణంలోనే ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో ఏడు శతాబ్దాల దస్తావేజులు మంటల పాలు కాగా, కాలిన కాగితపు ముక్కలు గాలికి లేచి నగరం మీద రాలాయి. 1821 నుంచి 1851 వరకు పదేళ్ళకోసారి జరిగిన జనాభా లెక్కల ఇంటింటి పత్రాలు దాదాపుగా అన్నీ ఆ రోజే పోయాయి. 1861, 1871 లెక్కల పత్రాలను ప్రభుత్వమే అంతకు ముందు నాశనం చేసింది; 1881, 1891 నాటివి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితపు గుజ్జుగా మారాయి. అందువల్ల దేశం మొత్తానికీ పూర్తిగా మిగిలిన పాత జనాభా లెక్కలు 1901, 1911 సంవత్సరాలవే.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, బ్రిటన్‌లోనో పుట్టి పెరిగిన ఐరిష్ సంతతివారు తమ మూలాలు వెతకబోయినప్పుడు మొదట చెవిన పడేది "అక్కడి రికార్డులన్నీ కాలిపోయాయి" అన్న మాటే. అది సగం నిజం. కాలిపోయినవి ప్రభుత్వం తన అధీనంలో దాచుకున్న కాగితాలు. ఆ దేశ జనాభాలో అత్యధికులైన కతోలికుల జ్ఞానస్నానాల (బాప్తిస్మాల), వివాహాల పుస్తకాలు ఆ భవనంలో లేనే లేవు. పల్లెల్లో గురువుల (ఫాదర్ల) ఇళ్ళలో, దేవాలయాల (చర్చిల) బీరువాల్లో, కొన్నిచోట్ల చెమ్మ పట్టిన పెట్టెల్లో అవి ఉండిపోయాయి.

ఈ విషయం ఇప్పుడు మళ్ళీ చర్చకు రావడానికి కారణాలు మూడు. డీఎన్‌ఏ పరీక్షలు చవకై, తమలో ఐరిష్ రక్తం ఉందని కొత్తగా తెలుసుకుంటున్నవారు పెరిగారు. తాతనో అమ్మమ్మనో ఐర్లండ్ దీవిలో పుట్టి ఉంటే ఆ దేశ పౌరసత్వం కోరే వీలున్నందున, 2016లో బ్రిటన్ ఐరోపా సమాఖ్యను వీడాలని ఓటు వేశాక అక్కడివారిలో ఆ ఆసక్తి బలపడింది. 1926 ఏప్రిల్ 18న జరిగిన జనాభా లెక్కల మీద ఉన్న నూరేళ్ళ గోప్యత గడువు 2026తో తీరడం మూడోది. అయితే 1926 నుంచైనా 1901 నుంచైనా వెనక్కి నడిచేవారు ఒకచోట ఆగిపోతారు. అక్కడి నుంచి దారి చూపగలిగేది చాలామందికి విచారణ రిజిస్టరు ఒక్కటే.

ఊరు, విచారణ, పారిష్: ఒకే పేరు, మూడు హద్దులు

పారిష్‌ను తెలుగు కతోలికులు విచారణ అంటారు: ఒక గురువు అధీనంలో ఉండే విశ్వాసుల ప్రాంతం. కొన్ని విచారణలు కలిస్తే ఒక పీఠాధిపతి కింద మేత్రాసనం అవుతుంది. ఇంతవరకు చిక్కు లేదు. ఐర్లండ్‌లో పారిష్ అన్న పేరుతోనే మరో విభాగం కూడా ఉంది, గందరగోళం అక్కడే మొదలవుతుంది.

మధ్యయుగాలలో ఏర్పడిన పాత పారిష్‌లు సుమారు 2,500. పదహారవ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజులు మతసంస్కరణ తెచ్చినప్పుడు ఈ హద్దులు, పాత దేవాలయాలు, వాటికి రావలసిన దశమభాగపు పన్ను అన్నీ ప్రొటెస్టెంటు శాఖ అయిన చర్చ్ ఆఫ్ ఐర్లండ్ చేతికి వెళ్ళాయి. ప్రభుత్వం కూడా శిస్తులకు, భూముల లెక్కలకు ఆ హద్దులనే వాడుకుంది కనుక వీటిని సివిల్ పారిష్‌లు అంటారు. ఆస్తి, ఆదాయం పోగొట్టుకున్న కతోలికులు ఉన్న కొద్దిమంది గురువులకు సరిపోయేలా తమ విచారణలను మళ్ళీ ఏర్పరచుకున్నారు. వాటి సంఖ్య వెయ్యి పైచిలుకు. అంటే రెండు మూడు సివిల్ పారిష్‌లు ఒకే విచారణలో ఉండవచ్చు, ఒక సివిల్ పారిష్ రెండు విచారణల మధ్య చీలిపోయి ఉండవచ్చు, పేర్లు కలవనూ వచ్చు కలవకనూ పోవచ్చు.

వీటన్నిటికీ అడుగున ఉండేది టౌన్‌ల్యాండ్. మన లెక్కలో ఇది సర్వే నంబరు కన్నా పెద్దది, రెవెన్యూ గ్రామం కన్నా చిన్నది. ఇలాంటివి ఐర్లండ్‌లో 60,000కు పైగా ఉన్నాయి. కొన్ని కొద్ది ఎకరాలవి, కొన్ని వేయి ఎకరాలు దాటినవి. వీధి పేర్లూ ఇంటి నంబర్లూ లేని పల్లెటూళ్ళలో మనిషి చిరునామా అంటే టౌన్‌ల్యాండే. వలస వెళ్ళిన తాత తన ఊరు ఫలానా అని పిల్లలకు చెప్పి ఉంటే, చాలాసార్లు ఆయన చెప్పింది టౌన్‌ల్యాండ్ పేరు. దాన్నే పట్టణం పేరనుకుని మ్యాపులో వెతికి, దొరకక ఇంట్లో చెప్పుకునే కథే తప్పనుకుని వదిలేసినవారున్నారు. ఒకే పేరుగల టౌన్‌ల్యాండ్‌లు వేర్వేరు కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) పదుల సంఖ్యలో ఉండటం మరో చిక్కు.

రిజిస్టర్లు విచారణల వారీగా ఉంటాయి. కనుక ఈ వెతుకులాటలో మనిషి పేరు కన్నా ముందు ఊరు కావాలి. ఊరు తెలియకుండా పేరుతో వెతకడం మొదలుపెట్టడమే ఎక్కువమందిని దారి తప్పిస్తోందని నా అభిప్రాయం.

కాలిపోకుండా మిగలడానికి కారణం, ఆలస్యంగా మొదలవడానికి కారణం

చర్చ్ ఆఫ్ ఐర్లండ్ 1869 చట్టం వచ్చేదాకా రాజ్యపు అధికారిక మతసంస్థ. అందుకే దాని పాత రిజిస్టర్లను తర్వాతి చట్టాలు ప్రభుత్వ రికార్డులుగా గుర్తించాయి. వాటిని భద్రంగా దాచడానికని డబ్లిన్‌కు చేర్చారు. ఆ భద్రతే వాటి పాలిట శాపమైంది: 1922లో వేయికి పైగా పారిష్‌ల పుస్తకాలు ఒకేసారి పోయాయి. కొందరు పాస్టర్లు పుస్తకాలు పంపకుండా తమ దగ్గరే ఉంచుకోవడం వల్లో, పంపేముందు నకలు రాయించుకోవడం వల్లో కొన్ని మిగిలాయి. కతోలికుల రిజిస్టర్లు ప్రభుత్వ రికార్డులు కావు. ఎవరూ వాటిని అడగలేదు, కాబట్టి అవి ఉన్నచోటే ఉండిపోయాయి.

అదే నిర్లక్ష్యానికి రెండో ముఖం ఏమిటంటే, ఈ పుస్తకాలు చాలాచోట్ల ఆలస్యంగా మొదలయ్యాయి. 1690ల నుంచి వచ్చిన శిక్షాస్మృతి చట్టాలు కతోలికుల భూమి హక్కును, చదువును, పదవులను హరించాయి. 1704లో గురువులు తమ పేర్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవలసి వచ్చింది. గడ్డి గుడిసెల్లో, కొండవాలున రాతి బండల దగ్గర పూజ చేసే గురువుకు రిజిస్టరు రాయడం, రాసినదాన్ని తడవకుండా దాచడం ఎంత కష్టమో ఊహించవచ్చు. తూర్పు తీరాన సంపన్న పట్టణాల్లో పరిస్థితి కొంత మెరుగు: వెక్స్‌ఫర్డ్ పట్టణపు రిజిస్టరు 1671 నుంచే ఉంది. పడమటి తీరపు పేద విచారణల్లో 1820ల ముందు పుస్తకాలు అరుదు. 1850ల దాకా మొదలవని చోట్లూ ఉన్నాయి. కతోలికులకు పార్లమెంటు ద్వారాలు తెరిచిన 1829 విమోచన చట్టం తర్వాత దేవాలయాలు కట్టారు. 1850లో థర్ల్స్‌లో జరిగిన జాతీయ సభ, జ్ఞానస్నానం, వివాహం వంటి సంస్కారాలు ఇళ్ళలో కాక దేవాలయంలోనే జరగాలని పట్టుబట్టింది. పుస్తకాలు క్రమంగా రాయడం ఆ తర్వాతే బాగా నిలదొక్కుకుంది.

ఇక్కడ దేవాలయ భవనం గురించి ఒక మాట. పూర్వీకుల ఊరికి వెళ్ళినవారు ఆ ఊరి రాతి దేవాలయం ముందు నిలబడి "మా ముత్తాతకు జ్ఞానస్నానం ఇచ్చింది ఇక్కడే" అనుకుంటారు. చాలాసార్లు ఆ భవనం కన్నా రిజిస్టరు వయసు పెద్దది. ముత్తాత కాలంలో ఆ స్థలంలోనో, మైలు దూరంలోనో గడ్డి కప్పిన పూజామందిరం ఉండేది. మరోవైపు, ఊరి చివర కూలిపోయిన మధ్యయుగపు గోడల మధ్య శ్మశానంలో కతోలిక కుటుంబాలు తరతరాలుగా తమవాళ్ళను ఖననం చేస్తూనే వచ్చాయి. దేవాలయం చేయి దాటిపోయినా మట్టి మీద హక్కు వదులుకోలేదు. అందుకని జ్ఞానస్నానం ఒకచోట, సమాధి మరోచోట ఉండటం అక్కడ మామూలు.

ఒక పద్దులో ఏముంటుంది

1950, 60 దశకాల్లో ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం ఈ రిజిస్టర్లను ఊరూరా మైక్రోఫిల్ము తీయించింది. వెయ్యికి పైగా విచారణల పుస్తకాలు, సుమారు 1880 వరకు, అందులో చేరాయి. 2015 జులైలో ఆ ఫిల్ముల నుంచి తీసిన 3,70,000కు పైగా చిత్రాలను ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. అవి ఉత్త చిత్రాలు, పేర్లతో వెతికే వీలు లేదు.

అటువంటి ఒక పేజీ తెరిస్తే కనిపించేది అందమైన దస్తూరి కాదు. నలుపు తెలుపుల్లో, అంచులు చిరిగి, సిరా అవతలి పేజీకి దిగి, ఒక్కోచోట గురువు మారినప్పుడల్లా చేతిరాత మారుతూ ఉండే వరుసలు. వరుసకు ఒక పద్దు: తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఇద్దరు జ్ఞాన తల్లిదండ్రుల (జ్ఞానస్నానంలో బిడ్డకు పూచీగా నిలిచేవారి) పేర్లు. అదృష్టం ఉంటే టౌన్‌ల్యాండ్. ఇంకా అదృష్టం ఉంటే గురువుకు ఇచ్చిన కానుక మొత్తం. 1845లో మొదలైన బంగాళదుంప క్షామం ఏళ్ళకు వచ్చేసరికి పేజీలే మాట్లాడతాయి: 1841 లెక్కల్లో 80 లక్షలు దాటిన ఐర్లండ్ జనాభా 1851 నాటికి సుమారు 65 లక్షలకు పడిపోయింది, ఆ మధ్యకాలంలో, ముఖ్యంగా 1847 తర్వాత, అనేక విచారణల్లో జ్ఞానస్నానాల వరుసలు పలచబడతాయి. ఏడాదికి పది పేజీలు నింపిన గురువు నాలుగైదు పేజీలతో సరిపెడతాడు.

ఈ పద్దు పుట్టుకను కాదు, సంస్కారాన్ని నమోదు చేస్తుంది. బిడ్డ పుట్టిన రోజునో, ఒకటి రెండు రోజుల్లోనో జ్ఞానస్నానం జరిగేది కనుక తేడా సాధారణంగా చిన్నదే. 1864లో ప్రభుత్వం అందరి జనన మరణ వివాహాల నమోదును తప్పనిసరి చేసిన తర్వాత ఒక విచిత్రం కనిపిస్తుంది: జ్ఞానస్నానం ఫిబ్రవరిలో జరిగినట్టు దేవాలయం రాస్తే, అదే బిడ్డ మార్చిలో పుట్టినట్టు ప్రభుత్వ రిజిస్టరు చెబుతుంది. నమోదు గడువు దాటితే జరిమానా కట్టాలి కాబట్టి, ఆలస్యంగా వెళ్ళిన తండ్రి పుట్టినరోజును తర్వాతి తేదీకి జరిపేవాడు. అలాంటిచోట దేవాలయపు తేదీనే నమ్మాలి.

తల్లి పుట్టింటి పేరు నమోదు కావడం ఈ రిజిస్టర్ల గొప్ప బలం. అదే ఇంటిపేరుగల కుటుంబాలు ఊళ్ళో పది ఉన్నా, తల్లి పుట్టింటి పేరుతో వాటిని విడదీయవచ్చు. ఖనన రిజిస్టర్లు లేకపోవడం వీటి పెద్ద బలహీనత. కతోలిక విచారణల్లో మరణాల పుస్తకాలు రాసినవి బహు తక్కువ.

వివాహాల పద్దుల్లో ఒక లాటిన్ మాట తరచు తగులుతుంది: "మూడో మెట్టు రక్తసంబంధానికి మినహాయింపు" అనే అర్థం వచ్చేది. మేనరికం మామూలైన తెలుగువారికి ఇది వింతగా తోచవచ్చు గానీ, నాలుగో మెట్టు వరకు రక్తసంబంధీకులు పెళ్ళాడాలంటే ఆ రోజుల్లో పీఠాధిపతి అనుమతి కావాలి. రెండో మెట్టు అంటే ఇద్దరికీ తాత ఒక్కడే. మూడో మెట్టు అంటే ముత్తాత ఒక్కడే. నాలుగో మెట్టు అంటే ఆ పై తరం. వంశవృక్షం రాసుకునేవారికి ఆ ఒక్క మాట బంగారం, ఎందుకంటే రిజిస్టరు పుట్టకముందున్న తరాన్ని అది చూపిస్తుంది.

ఉదాహరణ: మోంటానా గని నుంచి బేరా ద్వీపకల్పానికి

ఐర్లండ్ నైరుతి మూలన బేరా ద్వీపకల్పం చివర అలిహీస్ అనే ఊరుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడ రాగి గనులు తెరిచారు. గనులు తగ్గుముఖం పట్టాక అక్కడి పనివాళ్ళు అమెరికాలో మోంటానా రాష్ట్రపు బ్యూట్ పట్టణంలోని రాగి గనులకు పెద్ద ఎత్తున వెళ్ళారు. ఇంతవరకు చరిత్ర, ఇకపై చెప్పే కుటుంబం వివరించడానికి అల్లినది.

బ్యూట్‌లో ఉన్న ఒక కుటుంబానికి తెలిసింది ఇంతే: ముత్తాత జెరెమయా సల్లివాన్, 1858 ప్రాంతంలో కార్క్ కౌంటీలో పుట్టాడు. ఈ రెండు ముక్కలతో ఏ వెబ్‌సైట్‌లో వెతికినా వందల సల్లివాన్‌లు వస్తారు. అందుకని ముందు అమెరికా వైపు కాగితాలు చూడాలి. ఆయన వివాహం జరిగిన బ్యూట్ దేవాలయపు పద్దులో పుట్టిన విచారణ అలిహీస్ అని ఉందనుకుందాం. మరణ ధ్రువపత్రంలో తండ్రి మైకేల్, తల్లి మేరీ హారింగ్టన్ అని ఉందనుకుందాం.

ఇప్పుడు మొదటి మెలిక. అలిహీస్ కార్క్ కౌంటీలోనే ఉంది, కానీ ద్వీపకల్పం కెర్రీ మేత్రాసనంలోకి వస్తుంది. కార్క్ మేత్రాసనం పుస్తకాల్లో ఎన్ని ఏళ్ళు వెతికినా ఈయన కనిపించడు. భూముల రికార్డుల్లో ఆ ప్రాంతపు సివిల్ పారిష్ పేరు కిల్నమనాగ్, అంటే సన్యాసుల దేవాలయం. ఒకే ఊరు మూడు పుస్తకాల్లో మూడు పేర్ల కింద దాగి ఉంటుందన్న మాట.

రెండో మెలిక. సరైన రిజిస్టరు తెరిచి 1855 నుంచి 1861 వరకు చూస్తే నలుగురు జెరెమయా సల్లివాన్‌లు దొరికారనుకుందాం. తండ్రి మైకేల్ అయినవాళ్ళు ఇద్దరు, దురదృష్టవశాత్తు ఇద్దరి తల్లి పేరూ మేరీ హారింగ్టన్. బేరాలో ఈ రెండు ఇంటిపేర్లూ అంత ఎక్కువ. ఆ ప్రాంతంలో సల్లివాన్‌లను వేరుచేయడానికి ఊరివాళ్ళు శాఖాపరమైన మారుపేర్లు వాడేవారు, అవి రిజిస్టర్లలో అరుదుగా కనిపిస్తాయి. మొదటివాడు 1856లో, రెండోవాడు 1859లో జ్ఞానస్నానం పొందాడు.

అవి ఒకే దంపతుల పిల్లలా, ఇద్దరు వేర్వేరు మైకేళ్ళ పిల్లలా? టౌన్‌ల్యాండ్ రాసి ఉంటే పని తేలిక. రాసి లేకపోతే జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు చూడాలి, ఎందుకంటే ఆ స్థానంలో పిలిచేది మేనమామనో, పినతల్లినో, పక్కింటివారినో. 1856 పద్దులోని జ్ఞానతల్లి బ్రిజెట్ హారింగ్టన్ 1859 పద్దులోనూ ఉంటే అవి ఒకే కుటుంబానివి కావడానికి అవకాశం ఎక్కువ. అలాగైతే మొదటి జెరెమయా పసితనంలోనే చనిపోయి ఉంటాడు; పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం ఆ కాలపు ఆనవాయితీ. ఖననం పుస్తకం లేని లోటును ఈ పేరు కొంత తీరుస్తుంది.

జ్ఞాన తల్లిదండ్రులు వేరైతే పందొమ్మిదో శతాబ్దపు మరో రికార్డు వైపు వెళ్ళాలి. గ్రిఫిత్ మదింపు అనేది 1847 నుంచి 1864 వరకు దేశమంతటా ఇంటి యజమానులను, కౌలుదార్లను టౌన్‌ల్యాండ్ వారీగా రాసిన పన్నుల జాబితా. ఒకే పేరున్న ఇద్దరు ఒకే టౌన్‌ల్యాండ్‌లో ఉంటే కొన్నిచోట్ల పక్కన తండ్రి పేరో, గుర్తింపు పేరో చేర్చారు. దాన్నీ 1901 జనాభా లెక్కల్లో అదే పొలంలో మిగిలిన అన్నదమ్ముల పేర్లనూ కలిపి చూస్తే రెండు కుటుంబాలను విడదీయవచ్చు. ఇదంతా చేశాక కూడా కొన్నిసార్లు తేలదు. అప్పుడు ఇద్దరినీ రాసి పెట్టుకుని "వీరిలో ఒకరు" అనడమే నిజాయితీ. తేలకముందే ఒకరిని ఎంచుకుని వృక్షంలో పెట్టేస్తే, ఆ తప్పును ఇతరులు నకలు చేసుకుని పదింతలు చేస్తారు.

పేర్లు ఎందుకు నిలకడగా ఉండవు

బేరా వంటి చోట్ల 1850లలో ఇంట్లో మాట్లాడింది ఐరిష్ భాష. గురువు రాసింది లాటిన్‌లోనో ఇంగ్లీషులోనో. అమెరికా గుమాస్తా రాసింది తన చెవికి వినబడినట్టు. ఇంట్లో డియర్మిడ్ అని పిలిచే కుర్రాడు రిజిస్టరులో జెరెమయా అవుతాడు. ఆ రెండు పేర్లకూ అర్థంలో ఏ సంబంధమూ లేదు, దక్షిణ ఐర్లండ్ అలవాటు అది. తైగ్ అన్నవాడు తిమోతీ అవుతాడు. షివాన్ అన్న అమ్మాయి ఒక పద్దులో జొహన్నా, మరోచోట జూలియా, ఇంకోచోట జూడిత్. హొనోరా ఇంట్లో నోరా, బ్రిజెట్ అమెరికా చేరేసరికి డీలియా. లాటిన్‌లో జేకొబస్ అంటే జేమ్స్, గులియెల్మస్ అంటే విలియం. ఇంటిపేరు ముందున్న ఓ, మాక్ అన్న భాగాలను ఇంగ్లీషు పెత్తనం కింద చాలామంది వదిలేశారు. పందొమ్మిదో శతాబ్దం చివర జాతీయభావం పెరిగాక కొన్ని కుటుంబాలు తిరిగి తగిలించుకున్నాయి. సల్లివాన్, ఓసల్లివాన్ ఒకే ఇంటివారు కావడానికి అదే కారణం.

పేర్లు పెట్టడంలో ఒక వరుస ఉందని వంశపరిశోధకులు చెబుతారు: పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి అమ్మమ్మ పేరు, రెండో అమ్మాయికి నానమ్మ పేరు. తాతల పేర్లు పిల్లలకు పెట్టుకునే మనకు ఇది వెంటనే ఒంటబడుతుంది. దీన్ని కొందరు సాక్ష్యంగానే లెక్కిస్తారు, మరికొందరు కేవలం ఆనవాయితీ అంటారు. నాకు రెండోవారి మాటే సబబనిపిస్తుంది: ఎక్కడ వెతకాలో వరుస చెప్పగలదు, దొరికింది సరైనదని మాత్రం రుజువు చేయలేదు.

వయసులూ అంతే. 1909 జనవరి నుంచి డెబ్భై ఏళ్ళు నిండినవారికి ప్రభుత్వం వృద్ధాప్య పింఛను ఇవ్వసాగింది. 1864కు ముందు పుట్టిన వారెవరికీ జనన ధ్రువపత్రం లేదు. దాంతో ముసలివారు జ్ఞానస్నానపు పద్దు నకలు తెచ్చుకున్నారు, లేదా 1841, 1851 లెక్కల్లో తమ పేరు వెతికించమని దరఖాస్తు పెట్టుకున్నారు. లెక్కల పత్రాలు 1922లో కాలిపోయినా, ఆ దరఖాస్తుల్లో గుమాస్తాలు రాసుకున్న సమాచారం మిగిలింది. 1901లో యాభై ఎనిమిదేళ్ళన్న మనిషి 1911లో డెబ్భై రెండు అని చెప్పడం అందుకే కనిపిస్తుంది. అది పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు. చాలామందికి తమ పుట్టిన సంవత్సరం నిజంగానే తెలియదు.

సూచికలా, చిత్రాలా, పుస్తకం ఎవరిది

పేరుతో వెతికే సూచికలు ఇప్పుడు ఉన్నాయి. 2016లో రెండు పెద్ద వంశవృక్ష సంస్థలు గ్రంథాలయ చిత్రాలకు సూచికలు తయారుచేశాయి. అంతకు ముందే కౌంటీ వారసత్వ కేంద్రాలు స్థానికుల చేత అక్షరం అక్షరం రాయించి డబ్బులకు అందిస్తున్నాయి. డబ్లిన్ నగరం, కెర్రీ ప్రాంతాల రిజిస్టర్లను ప్రభుత్వం ఉచితంగానే వెతకనిస్తోంది. సూచికలను సమర్థించేవారి వాదన స్పష్టం: విచారణ తెలియనివారికి వేరే దారి లేదు. చిత్రాలను నమ్మేవారి వాదనా తీసిపారేయలేనిది: దూరదేశంలో కూర్చుని రాసినవారు టౌన్‌ల్యాండ్ పేర్లు తెలియక తప్పు చదివారు, అస్పష్టమైన వరుసలు వదిలేశారు. స్థానికులు రాసినవాటిలో ఆ తప్పులు తక్కువ, అందుకే వాటికి వెల. సూచికతో కనుక్కుని చిత్రంతో సరిచూసుకునేవారికి ఈ వివాదం పెద్దగా అడ్డం రాదు.

పుస్తకం ఎవరిదన్న ప్రశ్న ఇంకా కష్టమైనది. ఇవి విచారణల ఆస్తి, సంస్కారాల రహస్యంతో ముడిపడినవి అన్నది ఒక వాదన. వివాహం లేకుండా పుట్టిన బిడ్డల పద్దులు, దత్తత వివరాలు బయటపడితే బతికున్నవారికి బాధ కలుగుతుందన్న ఆందోళన అందులో ఉంది. 2008లో వాటికన్ ఒక లేఖ ద్వారా, పూర్వీకుల కోసం మరణానంతర బాప్తిస్మం జరిపే మార్మన్ శాఖ వంశశాస్త్ర సంఘానికి విచారణ రిజిస్టర్లు ఇవ్వవద్దని పీఠాధిపతులను కోరింది. మిగతా రికార్డులు కాలిపోయిన దేశంలో ఇవి ఒక జాతి జ్ఞాపకం, అందరికీ అందాలన్నది రెండో వాదన. 1880 దగ్గర ఫిల్ము ఆగడం ఈ రెండింటి మధ్య కుదిరిన రాజీ లాంటిది.

డీఎన్‌ఏ గురించి కూడా ఇలాగే తూకం వేయాలి. రిజిస్టరు ఆగిన చోట అది సాయపడుతుంది, కానీ బేరా వంటి మూలల్లో కొన్ని కుటుంబాలే తరతరాలుగా పరస్పరం పెళ్ళాడుకున్నాయి కనుక దూరపు బంధువు దగ్గరివాడిలా కనిపిస్తాడు. మెట్ల మినహాయింపులు రాసిన వివాహ పద్దులు ఆ అంకెలను సరిచేసుకోవడానికి పనికొస్తాయి.

హైదరాబాదు, మద్రాసు దారి

ఈ కథకు తెలుగు నేలతో సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ యూరోపియన్ సైనికుల్లో ఐరిష్ కతోలికులది గణనీయమైన వాటా. మద్రాసులో పుట్టిన ఒక కంపెనీ దళమే 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్‌లో ఒక బెటాలియన్ అయింది. వారికోసం వచ్చిన గురువుల్లో అనేకులు ఐరిష్‌వారే. కార్క్ కౌంటీకి చెందిన డేనియల్ మర్ఫీ 1851లో ఏర్పడిన హైదరాబాదు అపోస్తలిక ప్రాంతానికి తొలి అధిపతి; 1855లో హైదరాబాదులో ఆల్ సెయింట్స్ పాఠశాలను నెలకొల్పిందీ ఆయనే, తర్వాత ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌కు వెళ్ళారు.

సికింద్రాబాదులో పుట్టిన సైనికుడి బిడ్డ జ్ఞానస్నానపు పద్దులో తండ్రి దళం పేరు ఉంటుంది గానీ, ఆయన ఐర్లండ్‌లో ఏ ఊరివాడో సాధారణంగా ఉండదు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి లండన్‌కు వెళ్ళిన మత రిజిస్టర్ల నకళ్ళు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నా, అవి కూడా ఆ ప్రశ్నకు జవాబివ్వవు. సైన్యంలో చేరినప్పటి, విడుదలైనప్పటి కాగితాల్లోనే పుట్టిన పారిష్, కౌంటీ ఉంటాయి. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు బేరాకో, వెక్స్‌ఫర్డ్‌కో చేరాలంటే ఆ కాగితమే వంతెన.

మార్జిన్‌లో రాసినవి

చివరిగా, ఫిల్ములో కనిపించని సంగతి ఒకటుంది. 1908 ఈస్టర్ నుంచి అమల్లోకి వచ్చిన ఒక పోపుగారి శాసనం ప్రకారం, కతోలికుల వివాహం ఎక్కడ జరిగినా, జరిపిన గురువు ఆ సంగతిని వధూవరులు జ్ఞానస్నానం పొందిన విచారణకు తెలియజేయాలి. అక్కడి గురువు పాత పద్దు పక్కన ఆ వివరం రాసుకోవాలి. కాబట్టి 1885లో ఐర్లండ్ పల్లెలో జ్ఞానస్నానం పొంది, 1910లో చికాగోలో పెళ్ళాడిన అమ్మాయి పద్దు పక్కన, మార్జిన్‌లో, వేరే సిరాతో, వేరే చేత్తో, భర్త పేరు, చికాగో దేవాలయం పేరు, పెళ్ళి తేదీ ఉండవచ్చు. 1880 దాటిన ఆ పేజీ గ్రంథాలయ చిత్రాల్లో లేదు. అది ఇప్పటికీ ఆ విచారణ గురువు దగ్గరి అసలు పుస్తకంలోనే ఉంది, నకలు కావాలంటే ఆయనకే రాయాలి.